మోటుపల్లి రేవు నుంచి మాచర్ల దాకా గుర్రం మీద



బాపట్ల జిల్లా మోటుపల్లి దగ్గర సముద్రపొడ్డున గుర్రం ఎక్కి, చీరాల, పర్చూరు, చిలకలూరిపేట, నరసరావుపేట దాటి, మా పిడుగురాళ్ల మీదుగా మాచర్ల చేరాలంటే ఎన్నాళ్లు పడుతుంది? లెక్క తేలికే. మనిషిని మోస్తూ మామూలు నడక నడిచే గుర్రం గంటకు ఆరు కిలోమీటర్లు పోతుంది. రోజుకు ఐదు గంటలు నడిపిస్తే చాలు. అంతకు మించి నడిపిస్తే సంగతి మర్నాడు జీను వేసేటప్పుడు అదే చెబుతుంది. అంటే రోజుకు ముప్పై కిలోమీటర్లు. ఊళ్ల మీదుగా, కట్టల మీదుగా పోతే దారి మొత్తం నూట అరవై, నూట డెబ్బై కిలోమీటర్లు ఉంటుంది. ఆరు రోజుల నడక, మధ్యలో ఒక రోజు విశ్రాంతి. సరిగ్గా వారం. బస్సుకైతే ఇది ఒక పూట పని.

ఇది టికెట్టు కొని ఎక్కే యాత్ర కాదు. పటం ముందు పెట్టుకుని నేను గీసుకున్న దారి. అయితే గాలిలో గీసింది కాదు. వాడరేవు నుంచి పిడుగురాళ్లకు వచ్చే 167ఎ జాతీయ రహదారి ఇంచుమించు ఈ వైపుగానే నడుస్తుంది. రోడ్ల ఇంజనీర్లకు ఇప్పుడు కనిపించిన అవసరం ఓడ సరుకు దించుకున్న సెట్లకు ఏడెనిమిది వందల ఏళ్ల కిందటే కనిపించింది. రేవులో దిగిన సరుకు పైసీమకు నడవాలి. ఆ సరుకులో గుర్రం తన కాళ్ల మీద తానే నడిచి వచ్చేది.

విదేశాల్లో ఇలాంటి ప్రయాణం పెద్ద సరదా, పెద్ద వ్యాపారం కూడా. ఐర్లండ్‌లో, స్కాట్లండ్‌లో పొద్దున సముద్రపు ఇసుక మీద బయల్దేరదీసి, రోజుల తరబడి కొండ మీది పచ్చిక బయళ్లలో తిప్పుతారు. ఐస్‌లండ్‌లో పొట్టి గుర్రాల మీద అగ్నిపర్వతాల నేల చూపిస్తారు. మన దేశంలోనే రాజస్థాన్‌లో, చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకే మార్వాడీ గుర్రాల మీద కోట నుంచి కోటకు తీసుకెళ్తారు. మనకు గుర్రపు స్వారీ అంటే విశాఖ బీచిలో పిల్లవాణ్ని ఎక్కించి ఫోటో తీయడం. లేకపోతే పెళ్లికొడుకును ఎక్కించి, బ్యాండు మేళం మోతలో, పాపం ఆ గుర్రం బెదరకుండా ఇద్దరు కళ్లెం పట్టుకుని నడిపించడం. గుర్రం మీద ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవడమన్నది మన బతుకులోంచి వెళ్లిపోయింది.

వెళ్లిపోయి మరీ ఎక్కువ కాలమేమీ కాలేదు. నా చిన్నతనంలో స్టేషనుకు వెళ్లాలంటే జట్కానే. బండి తోలే సాయిబును మేమంతా తాతా అనేవాళ్లం. వెనక నలుగురు కూర్చుంటే బండి వెనక్కి ఒరిగి, కాడి పైకి లేచి, గుర్రం మెడ బిగుసుకునేది. "ఏందబ్బాయా, ముందుకు జరుగు, దాని పీక పట్టేస్తాంది" అని కసిరేవాడు. జట్కాలో ఎక్కడ కూర్చోవాలన్నది గుర్రం మెడను బట్టి తేలేది. ఎక్కిన మనిషి పరువును బట్టి కాదు. అందుకని ఎంత పెద్ద మోతుబరి అయినా ముందుకు జరగాల్సిందే. తర్వాత ఆటోలొచ్చాయి. 2019 పశుగణనలో దేశం మొత్తం మీద గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి మూడు లక్షల నలభై వేలు తేలాయి. అంతకు ముందు 2012 గణనలో ఆరు లక్షల పైన ఉండేవి. ఏడేళ్లలో ఇంచుమించు సగం పోయాయి.

ఇక ప్రయాణం సంగతికి వస్తాను. మోటుపల్లి ఇప్పుడు చిన్న ఊరు. గుడి, శాసనాలు, సరుగుడు తోటలు, పక్కన చినగంజాం ఉప్పు మడులు. కానీ 1244లో కాకతీయ గణపతిదేవుడు ఇక్కడ వేయించిన శాసనం ఈ దేశపు వాణిజ్య చరిత్రలోనే పేరు పడింది. తుపానులో ఓడ పగిలి సరుకు ఒడ్డుకు కొట్టుకొస్తే దాన్ని రాజులు లాక్కునే ఆచారం అప్పట్లో ఉండేది. గణపతిదేవుడు దాన్ని మాన్పించి, ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకులకు అభయమిచ్చాడు. సుంకం ముప్పైకి ఒకటి చొప్పున చాలన్నాడు. 1358లో కొండవీటి అనపోతారెడ్డి వర్తకులకు మళ్లీ అలాంటి అభయమే ఇచ్చి, రేవును నిలబెట్టుకున్నాడు. ఆ రెడ్డిరాజుల కాలపు మహా వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు హరవిలాసం అంకితమిచ్చింది ఈయనకే. ఆయన ఓడల్లో సింహళం నుంచి ఏనుగులు, పారశీక ఖాతంలోని హొర్ముజ్ నుంచి మేలుజాతి గుర్రాలు తెప్పించేవాడని శ్రీనాథుడే చెబుతాడు. పల్నాటి తిండిని, పల్నాటి ఎండను తన చాటువుల్లో వెక్కిరించిన శ్రీనాథుడూ ఆయనే. ఆ వెక్కిరింతకు మేము పల్నాటివాళ్లం ఆరు వందల ఏళ్లుగా నొచ్చుకుంటూ, ఆ పద్యాలను మేమే అందరికంటే గట్టిగా చదువుతుంటాం.

గుర్రాన్ని సముద్రం మీద ఎందుకు తెప్పించాల్సి వచ్చింది? దక్షిణాది వేడి, తేమ, మేత దానికి సరిపడలేదు. ఇక్కడ పుట్టిన పిల్లలు గట్టిపడలేదు. 1290 ప్రాంతంలో ఈ తీరాలు చూసిన మార్కో పోలో ఈ సంగతి బాగా రాశాడు. మోటుపల్లిని ముత్ఫిలి అన్నాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడంత పలచని బట్టలను మెచ్చుకున్నాడు. దిగువన పాండ్య దేశంలో గుర్రాల గతి చూసి ముక్కున వేలేసుకున్నాడు. రాజు ఏటా రెండు వేల పైచిలుకు గుర్రాలు కొంటాడట. ఏడాది తిరిగేసరికి వాటిలో మిగిలేవి కొన్నేనట. అన్నంలో మాంసం కలిపి పెడతారట. అన్నిటికంటే వింత, అక్కడ లాడాలు కొట్టేవాడే లేడట. గుర్రాలమ్మే వర్తకులే ఆ పని తెలిసిన మనిషిని అటు పోనివ్వరట. గుర్రాలు చస్తేనే కదా మళ్లీ కొంటారు! ఇది వర్తకులు మార్కో పోలో చెవిలో ఊదిన కబురో, నిజమో తేల్చడం కష్టం. మన దగ్గర అశ్వశాస్త్రం లేదనడానికి మాత్రం వీల్లేదు. శాలిహోత్రుడి పేరు మీద సంస్కృతంలో గ్రంథాలున్నాయి. తెలుగులోనే మనుమంచి భట్టు పద్యాల్లో అశ్వశాస్త్రం రాశాడు. శాస్త్రం గ్రంథంలో ఉంటే చాలదు. ఒక మనిషి గుర్రం కాలు తన ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. ఈ మాటకు మళ్లీ వస్తాను.

కొండవీటిని 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్నాడు. ఆయన కాలానికి గుర్రాల బేరం పోర్చుగీసుల చేతికి పోయింది. నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు విజయనగరంలో ఉండి వెళ్లాడు. రాయలు ఏడాదికి పదమూడు వేల గుర్రాలు కొనేవాడని రాశాడు. అంతకు ముందరి సాళువ నరసింహుడి గురించి ఇంకో కథ చెప్పాడు. దారిలో సముద్రం మీద గుర్రం చచ్చిపోతే, దాని తోక కోసి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికిచ్చిన వెలే ఇచ్చేవాడట. ఈ తోకల ఖాతా చూసే లెక్కల గుమాస్తా ఎంత నిబ్బరమైన మనిషై ఉండాలో!

మొదటి రోజు మోటుపల్లి నుంచి చీరాల వైపు. ఇసుక మీద స్వారీ అనగానే సినిమాలో మాదిరి దౌడు తీయించాలనిపిస్తుంది. తీయించకూడదు. పొడి ఇసుకలో గిట్ట లోపలికి దిగి, మడమ వెనక నరాలు సాగి, గుర్రం కుంటిదవుతుంది. అల వెనక్కి తగ్గిన చోట తడిసి గట్టిపడిన పట్టీ ఒకటుంటుంది. నడవాల్సింది దాని మీద. వలలు ఆరబెట్టిన చోట, పడవలకు తాళ్లు కట్టిన చోట దిగి నడిపించుకుపోవాలి. ఎండ తలమీదికి రాకముందే సరుగుడు తోటల నీడకు చేరాలి.

రెండో రోజు సముద్రానికి వీపు పెట్టి కొమ్మమూరు కాలువ వంతెన దాటాక నేల రంగు మారిపోతుంది. నల్లరేగడి. పర్చూరు, ఇంకొల్లు సీమ. శనగ, పొగాకు, మిరప, పత్తి. మధ్యలో ఎత్తుగా పొగాకు బ్యారన్లు. ఎండలో ఈ నేల గుర్రానికి హాయి. ఒక్క వాన పడిందా, జిగురు. అడుగు తీస్తే లాడం ఊడి బురదలో ఉండిపోతుంది. అందుకని దీపావళి వెళ్లాక, తుపాను జాడ లేనప్పుడు చూసి బయల్దేరాలి. శివరాత్రి లోపల ఇల్లు చేరాలి. శివరాత్రి దాటితే పల్నాటి ఎండ మొదలవుతుంది. మా రెంటచింతల పేరు వేసవిలో వాతావరణం వార్తల్లో ఎందుకు వినపడుతుందో మీకందరికీ తెలుసు.

1830లో చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లిన ఏనుగుల వీరాస్వామయ్య గారు పల్లకీలో, పెద్ద పరివారంతో ప్రయాణం చేశారు. కడప మీదుగా, శ్రీశైలం మీదుగా ఎత్తు నేలల్లో ఉత్తరాదికి వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు గంజాం, విశాఖపట్నం మీదుగా సముద్ర తీరం వెంట దిగివచ్చారు. ఆయన రాసిన కాశీయాత్రా చరిత్రలో గుళ్లూ గోపురాల కంటే నాకు ఎక్కువ ఇష్టమైనవి దారి వివరాలు. ఏ మజిలీలో నీళ్లున్నాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి ఇసుకా, రాయా, బురదా అన్నవి. కాలినడక వేగంతో పోయేవాడికి అవే ముఖ్యం. కారులో పోయేవాడు హోటలు బోర్డు చూస్తాడు. గుర్రం మీద పోయేవాడు చెరువు చూస్తాడు.

నిజంగానే ఈ ప్రయాణమంతా నీటి లెక్క. పెద్ద గుర్రం రోజుకు ముప్పై, నలభై లీటర్లు తాగుతుంది. ఎండలో ఇంకా ఎక్కువ. చిలకలూరిపేట దాటాక నాగార్జునసాగర్ కుడి కాలువ మేజర్లు, బ్రాంచీలు అడ్డం వస్తాయి. 1967లో ఈ కాలువకు నీళ్లు వదిలాకే మా సీమలో జొన్న చేలు మిరప చేలయ్యాయి. నీళ్లు కళ్లెదుట పారుతున్నాయి కదా అని గుర్రాన్ని కాలువలోకి దించకూడదు. సిమెంటు లైనింగు ఏటవాలు మీద గిట్ట జారిందంటే పైకి తీయడం పదిమంది వల్ల కూడా కాదు. బకెట్టుతో తోడి పట్టాలి. కాలువ కట్ట మాత్రం స్వారీకి మేలైన బాట. లారీలుండవు, హారన్లుండవు, ఎత్తు మీద నుంచి రెండు వైపులా చేలు కనిపిస్తాయి.

కొండవీడు దగ్గర ఒక రోజు ఆగుదాం. గుర్రాలకు విశ్రాంతి, మనకు కోట. ఆ కోట మీద చెరువులు, గుళ్లు, బురుజులు చూస్తూ ఒక పూట గడిచిపోతుంది. నాకు మాత్రం అక్కడికి వెళ్లినప్పుడల్లా గుర్రాల వెంట నడిచిన మనుషులు గుర్తొస్తారు. హొర్ముజ్ నుంచి వచ్చిన ఆ గుర్రాన్ని మోటుపల్లిలో దించి, బెదురు తీర్చి, ఈ కొండ కింది దాకా నడిపించి, రాత్రిళ్లు గడ్డి వేసి, మాలీసు చేసిన మనిషి ఎవరు? గుర్రం ఎక్కిన రాజు పేరు శాసనంలో ఉంది. కొన్న సెట్టి పేరు కావ్యంలో ఉంది. మాలీసు చేసినవాడి పేరు ఎక్కడా లేదు. ఎవరైనా ఇలాంటి యాత్ర మొదలుపెడితే గుర్రం వెంట నడిచే మనిషికి ఇచ్చే కూలి ముందు తేల్చుకోవాలని నా పట్టుదల. గుర్రం మీద ఒకరు కూర్చుని ఇంకొకరు దుమ్ములో పరుగెత్తే సరదా నాకు రుచించదు. మన దేశంలో ఈనాటికీ కొన్ని చోట్ల దళిత వరుడు గుర్రం ఎక్కితే రాళ్లు వేస్తున్నారు. గుర్రం ఎప్పుడూ ఉత్త జంతువు కాదు, ఎవరు ఎక్కవచ్చో ఎవరు ఎక్కకూడదో అనే తగాదా కూడా.

దాణా సంగతి. మన నేలలో గుర్రానికి ఉలవలున్నాయి. నానబెట్టి, లేకపోతే ఉడకబెట్టి, చల్లార్చి పెడతారు. ఉడికించిన నీళ్లతో మనం చారు కాచుకుంటాం. ఇద్దరికీ ఒకటే పొయ్యి. ఎండు గడ్డి, కొద్దిగా తవుడు, ఉప్పు. లేత జొన్న జోలికి పోకూడదు, పశువులకే అది ప్రమాదమని రైతుకు తెలుసు. మేత ఒక్కసారిగా మార్చకూడదు. గుర్రం కడుపు చాలా సున్నితం, పైగా దానికి వాంతి చేసుకునే ఏర్పాటు లేదు. లోపలికి పోయింది వెనక్కి రాదు. కడుపునొప్పి పట్టుకుంటే ఒక రాత్రిలో ప్రాణం పోతుంది. ఊళ్లలో మన జనం ప్రేమ కొద్దీ గుర్రానికి బెల్లం, అరటిపళ్లు, పెళ్లింటి లడ్డూ పెట్టబోతారు. చేతులు జోడించి వద్దనాలి. ఎక్కే మనిషి బరువుకూ లెక్క ఉంది. జీనుతో సహా మనిషి బరువు గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదు. నాలుగు వందల కిలోల గుర్రానికి ఎనభై కిలోలు. ఈ లెక్క చెబితే మా స్నేహితుల్లో సగం మంది యాత్రకు పేరు వెనక్కి తీసుకున్నారు.

రౌతు కొద్దీ గుర్రం అంటారు కదా, అది జట్కాలున్న కాలంలో అందరికీ అనుభవమే. కొత్త మనిషి ఎక్కగానే గుర్రం రెండు నిమిషాల్లో వాణ్ని తూకం వేస్తుంది. భయపడుతున్నాడా, పగ్గం ఊరికే లాగుతున్నాడా, మొండికేస్తే దిగిపోతాడా అని. అందుకని యాత్రకు ముందు నెల రోజులైనా ఒకచోట నేర్చుకోవాలి. ముందు రికాబులో కాలెంత దూర్చాలి అన్నది. పాదం ముందు భాగమే ఉండాలి, మడమ కిందికి ఉండాలి. పూర్తిగా దూరిస్తే పడ్డప్పుడు కాలు ఇరుక్కుని గుర్రం ఈడ్చుకుపోతుంది. పరిగెత్తించడం చివర నేర్చుకుంటే చాలు.

నరసరావుపేటకు ముందు కోటప్పకొండ. శివరాత్రి తిరునాళ్లకు ప్రభలు వచ్చే కాలంలో గుర్రాన్ని అటు తేకూడదు. ఆ జనం, ఆ మైకులు దానికి పడవు. మిగతా రోజుల్లో కొండ చుట్టూ మంచి గాలి. పేట దాటాక ఎర్రనేల, రాయి. మాఘమాసానికి మిరప కోతలు మొదలై కల్లాలు ఎర్రగా పరుచుకుంటాయి. ఆ ఘాటుకు మనకంటే ముందు గుర్రం తుమ్ముతుంది. గాలి వాటం చూసి, కల్లానికి ఎగువ నుంచి పోవాలి.

పిడుగురాళ్ల. మా ఊరు. బయటివాళ్లకు సున్నం బట్టీల ఊరు. బట్టీల తెల్ల దుమ్ము, అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద రాయి లారీలు, సున్నం లారీలు. గుర్రానికి ఊళ్లో పనిలేదు. పక్క నుంచి దాటించి గుత్తికొండ వైపు తీసుకుపోవాలి. అయితే మా రాయి గురించి ఒక మాట చెప్పకుండా దాటలేను. బట్టీలో కాలే సున్నపురాయి ఈ పల్నాటి నేలదే. అమరావతి, నాగార్జునకొండ శిల్పులు బొమ్మలు చెక్కిందీ పల్నాటి సున్నపురాయి మీదే. ఆ శిల్పాల్లో గుర్రాలున్నాయి. సిద్ధార్థుడు రాత్రివేళ ఇల్లు విడిచి పోయే ఘట్టంలో ఆయన గుర్రం కంథకం నడుస్తూ ఉంటుంది. నగరం నిద్ర లేవకుండా యక్షులు దాని గిట్టలను తమ చేతులతో పట్టి మోస్తుంటారు. గిట్ట చప్పుడు ఎంత దూరం వినపడుతుందో ఎరిగినవాడే అలా చెక్కగలడు. పద్దెనిమిదో శతాబ్దం చివర అమరావతి వచ్చిన కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ అక్కడ దిబ్బను తవ్వి రాళ్లు తీసుకుపోవడం చూశాడు. తర్వాతి కాలంలో ఎన్నో శిల్పాలు సున్నం బట్టీల పాలయ్యాయి. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులూ వాళ్ల మనుషులూ ఊరూరూ తిరిగి కైఫియతులు రాయించారు. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడి ఎవరిది అని. ఈ దారిలో మజిలీలు ఎంచుకోవడానికి కైఫియతులకు మించిన పుస్తకం నాకు కనిపించలేదు.

గుత్తికొండ బిలం, కారంపూడి. పల్నాటి యుద్ధం తర్వాత బ్రహ్మనాయుడు ఈ బిలంలోకే వెళ్లాడని మా నమ్మకం. కారంపూడిలో నాగులేరు ఒడ్డున వీరుల గుడి. ఏటా కార్తీక అమావాస్యకు మొదలై ఐదు రోజులు వీరారాధన ఉత్సవం. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. మందపోరు నాడు చాపకూడు. కులం చూడకుండా ఒకే చాప మీద అందరూ కూర్చుని తింటారు. యాత్రను ఆ రోజుకు కారంపూడి చేరేలా అమర్చుకుంటే బాగుంటుంది. గుర్రాలను ఊరికి దూరంగా తోటలో కట్టేసి, నడిచి వెళ్లాలి. గుర్రాన్ని ఎవరు తెచ్చారు, ఎవరు కడిగారు, ఎవరు ఎక్కారు అన్న తేడాలు ఆ చాప మీద కూర్చున్నప్పుడైనా పోతాయి.

ఇక్కడి నుంచి మాచర్ల దాకా నేల మీద పరుపు బండ. నాపరాళ్లు తీసిన గుంటలు, ముళ్ల కంపలు. గట్టి రాతి మీద గిట్ట అరిగిపోతుంది. లాడం లేకుండా ఒక్క రోజు కూడా నడిపించకూడదు. దూరంగా నల్లమల నల్లగా కనిపిస్తుంది. అటు పులుల అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి లేకుండా అడుగు పెట్టకూడదు. ఒక వైపు మించాలపాడు. 1922లో పుల్లరి కట్టం అని నిలబడి, కన్నెగంటి హనుమంతు ప్రాణమిచ్చిన ఊరు. అడవిలో పశువులు మేపుకున్నందుకు పన్ను అడిగితే వచ్చిన పోరాటమది. మేత కోసం ఈ నేల మీద నెత్తురు పారిందని గుర్రానికి గడ్డి వేసేటప్పుడు నాకు గుర్తుంటుంది.

మాచర్ల అవతల ఎత్తిపోతల. చంద్రవంక డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. ఇంకొంచెం ముందుకు పోతే విజయపురి సౌత్, కృష్ణ, నాగార్జునకొండకు పోయే లాంచీ. మూడో శతాబ్దంలో ఈ లోయలోనే ఇక్ష్వాకు రాజు వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం చేశాడు. అప్పటి గుర్రానికి ఏడాది పాటు ఇష్టమొచ్చిన చోటికి పోయే హక్కు ఉండేది. మనం తెచ్చిన గుర్రాన్ని లాంచీ ఎక్కనివ్వరు.

పైసీమ అన్నాను కదా, ఇదేనా ఆ ఎత్తు ప్రదేశం అని పాడేరు వైపు శ్రోతలు నవ్వుకుంటూ ఉండొచ్చు. నిజమే. పల్నాడు పీఠభూమి, మన్యం కొండ. అక్కడ గుర్రం ఇంకా సరదాకు మారలేదు, పనిలోనే ఉంది. రోడ్డు లేని కొండ ఊళ్ల నుంచి పసుపు, మిరియాలు, కాఫీ గింజలు సంతకు దించడానికి, రేషను బియ్యం పైకి చేరవేయడానికి పొట్టి గుర్రాలే దిక్కు. ఎత్తు దారిలో రాయి కదిలేది ముందే పసిగట్టి కాలు వెనక్కి తీసే తెలివి వాటిది. విశాఖ తీరం నుంచి అనంతగిరి, అరకు మీదుగా ఇలాంటి యాత్ర వేస్తే ప్రకృతి పరంగా మా దారి కంటే అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ అక్కడి గుర్రాలను పర్యాటకుల కోసం తీసుకుంటే సంతకు మూటలు ఎవరు మోస్తారు? ఆ ఊళ్లకు రోడ్డు పడ్డాక ఆ మాట.

ఇక ఇందాక ఆపిన సంగతి. ఈ దారికి అన్నీ ఉన్నాయి. ఋతువు ఉంది, కాలువ కట్టలున్నాయి, నీళ్లున్నాయి, ఉలవలున్నాయి, ఊరికో బడి ఆవరణ, గుడి మండపం ఉన్నాయి. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలు కొనుక్కోవచ్చు. నాందేడ్ జిల్లా మాలేగావ్‌లో ఖండోబా జాతరకు గుర్రాల సంత జరుగుతుంది. మన తెలంగాణ సరిహద్దుకు అది దూరమేమీ కాదు. అక్కడి నుంచి లారీలో తెచ్చేటప్పుడు పశువైద్యుడి ధ్రువపత్రం చేతిలో ఉండాలి, గ్లాండర్స్ జబ్బు లేదని రక్త పరీక్ష చేయించి ఉండాలి. ఆ జబ్బు గుర్రం నుంచి మనిషికీ అంటుకుంటుంది.

లేనిది లాడాలు కొట్టే మనిషి. ఒంగోలు ఎడ్లకు లాడాలు వేసేవాళ్లు ఒకప్పుడు మా సంతల్లో చెట్టుకొకరు ఉండేవారు. ట్రాక్టరు వచ్చాక వాళ్ల పిల్లలు బట్టీ పనిలోకి, లారీల మీదికి వెళ్లారు. ఎద్దు లాడం వేరు, గుర్రం లాడం వేరు. ఎద్దును పడుకోబెట్టి రెండు చీలికలుగా వేస్తారు. గుర్రాన్ని నిలబెట్టి, కాలు ఎత్తి పట్టి, గిట్ట అంచు కోసి, ఆకురాయితో చదును చేసి, కొలతకు వంచిన ఇనుప లాడాన్ని మేకులు గిట్ట గోడలోంచి బయటికి వచ్చేలా కొట్టాలి. మేకు బియ్యపుగింజంత లోపలికి జరిగితే మాంసానికి తగిలి గుర్రం నెలరోజులు కుంటుతుంది. ఆరు వారాలకోసారి లాడాలు విప్పి, పెరిగిన గిట్ట తీసి, మళ్లీ వేయాలి. ఇది పుస్తకం చూసి వచ్చే పని కాదు. హైదరాబాదు మలక్‌పేట రేసు గుర్రాల దగ్గర ఈ పని చేసేవాళ్లున్నారు. పల్నాటి కుర్రవాళ్లు ఇద్దరు ముగ్గురు వెళ్లి, వాళ్ల దగ్గర ఏడాది కూర్చుని నేర్చుకుని వస్తే, గుర్రాలు కొనే ఆలోచన ఆ తర్వాత చేయొచ్చు. పర్యాటక శాఖ వారు ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, రిసార్టుకు స్థలం వెతికేముందు ఆ కుర్రవాళ్లకు ఏడాది భత్యం ఎంతవుతుందో ఒక కాగితం మీద వేసి చూడమని నా మనవి.